సైనా నెహ్వాల్: భారత మహిళా బ్యాడ్మింటన్ చరిత్రలో ఒక మలుపు



చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు, రాజ్యాంగాలు గుర్తుకు వస్తాయి. ఆటలకు చరిత్ర ఉంటుందని, ఆ చరిత్ర కూడా సమాజాన్ని చూపే అద్దమేనని అంతగా ఆలోచించం. నిజానికి ఒక దేశంలో ఎవరికి ఆడే అవకాశం ఉంది, ఆ అవకాశం ఎక్కడ దొరికింది, దానికి ఎవరు మూల్యం చెల్లించారు అన్న ప్రశ్నలకు జవాబు వెదికితే ఆ దేశపు సామాజిక చరిత్రే కళ్ళ ముందుకు వస్తుంది. ఈ పాఠంలో ఆ ప్రశ్నలను ఒక క్రీడాకారిణి జీవితం ఆధారంగా పరిశీలిద్దాం. ఆమె సైనా నెహ్వాల్.

ఆమె గెలిచిన పతకాల జాబితాను బట్టీపట్టడం మన ఉద్దేశం కాదు. 2006కు ముందు అంతర్జాతీయ స్థాయిలో భారత మహిళల సింగిల్స్‌కు దాదాపు చోటే లేదు. పదేళ్ళు తిరగకుండానే ప్రపంచ మొదటి ర్యాంకు ఒక భారత క్రీడాకారిణికి దక్కింది. ఈ మార్పు ఎలా వచ్చింది? ఒక్కరి ప్రతిభ వల్లనేనా? ఇదే మన ప్రశ్న.

ముందు తరాలు

బ్యాడ్మింటన్‌కు మన దేశంతో పాత బంధమే ఉంది. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో పుణేలోని బ్రిటిష్ సైనికాధికారులు ఈ ఆటను ఆడేవారు. 'పూనా' అన్న పేరుతోనే దాని తొలి నియమాలు కొన్ని రూపుదిద్దుకున్నాయి. భారత బ్యాడ్మింటన్ సంఘం 1934లో ఏర్పడింది. 1980లో ప్రకాష్ పదుకొణె, 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ పురుషుల టైటిల్ గెలిచారు.

మహిళల్లో కూడా గొప్ప క్రీడాకారిణులు లేకపోలేదు. 1978 కామన్వెల్త్ క్రీడల్లో అమీ ఘియా, కన్వల్ ఠాకూర్ సింగ్ జోడీ డబుల్స్ కాంస్యం సాధించింది. 1992 బార్సిలోనాలో బ్యాడ్మింటన్ మొదటిసారి ఒలింపిక్ పతక క్రీడ అయినప్పుడు మధుమితా బిస్త్ మన దేశం తరఫున ఆడింది. అపర్ణా పోపట్ 1996లో ప్రపంచ జూనియర్ రజతం, 1998లో కామన్వెల్త్ సింగిల్స్ రజతం గెలిచింది. జాతీయ టైటిల్‌ను వరుసగా తొమ్మిదిసార్లు నిలబెట్టుకుంది. అయితే ప్రపంచస్థాయి ఓపెన్ టోర్నమెంట్లలో చైనా, ఇండోనేషియా, డెన్మార్క్ క్రీడాకారిణులను దాటి టైటిల్ గెలవడం మాత్రం అందని పండుగానే ఉండిపోయింది. విడివిడిగా ప్రతిభ ఉంది. ఆ ప్రతిభను ఏడాది పొడవునా సానబెట్టే ఏర్పాటు లేదు.

హిసార్ నుంచి హైదరాబాద్‌కు

సైనా 1990 మార్చి 17న హర్యానాలోని హిసార్‌లో పుట్టింది. మనవడు కావాలని ఆశపడిన నాయనమ్మ తాను పుట్టిన తర్వాత నెలరోజుల పాటు తన ముఖం చూడలేదని సైనా స్వయంగా చెప్పింది. దీన్ని ఒక ఇంటి ముచ్చటగా తీసిపారేయకండి. 2001 జనాభా లెక్కల ప్రకారం హర్యానాలో ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు 819 మంది ఆడపిల్లలే ఉన్నారు. ఆ అంకె వెనుక ఉన్న మనస్తత్వం, ఈ ఇంటి సంఘటన వెనుక ఉన్న మనస్తత్వం ఒకటే. గణాంకాలలో కనిపించేది ఎక్కడో దూరాన లేదు. మన ఇళ్ళలోనే ఉంది.

అదే ఇంట్లో మరో ధోరణి కూడా ఉంది. తల్లి ఉషారాణి హర్యానాలో రాష్ట్రస్థాయి బ్యాడ్మింటన్ ఆడినవారు. తండ్రి హర్వీర్ సింగ్ వ్యవసాయ శాస్త్రవేత్త. ఉద్యోగరీత్యా ఆయన హైదరాబాద్‌కు రావడంతో ఎనిమిదేళ్ళ వయసులో సైనా కూడా ఇక్కడికి వచ్చింది. లాల్ బహదూర్ స్టేడియంలో నానీ ప్రసాద్ రావు ఆమెకు తొలి పాఠాలు నేర్పారు. తర్వాత ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద, ఆపైన పుల్లెల గోపీచంద్ వద్ద ఆమె శిక్షణ పొందింది.

ఇల్లు ఊరి చివర. స్టేడియం దాదాపు 25 కిలోమీటర్ల దూరం. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి తండ్రి స్కూటర్ మీద బయలుదేరాలి. నిద్రమత్తులో పాప వెనక్కి పడిపోతుందేమోనని తల్లి కూడా స్కూటర్ ఎక్కి, ఆమెను పట్టుకుని కూర్చునేవారు. ప్రాక్టీసు అయ్యాక బడి, బడి అయ్యాక మళ్ళీ ప్రాక్టీసు. రాకెట్లు, బూట్లు, షటిళ్ళు, ప్రయాణాలు, వీటన్నింటి ఖర్చు జీతానికి మించిపోయింది. భవిష్యనిధి నుంచి కూడా డబ్బు తీసుకోవలసి వచ్చిందని తండ్రి తర్వాతి కాలంలో చెప్పారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తండ్రికి ప్రభుత్వ ఉద్యోగం, తల్లికి ఆట తెలుసు, బదిలీ అయిన నగరంలో అనుభవం ఉన్న గురువులు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఈ కథ వేరుగా ఉండేది. ప్రతిభ విత్తనం వంటిది. విత్తనం ఎంత మంచిదైనా నేల, నీరు అందకపోతే మొలకెత్తదు. ఆ నేలను సిద్ధం చేయడంలో గోపీచంద్ పాత్ర పెద్దది. 2003లో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో, సొంత ఇల్లు తాకట్టు పెట్టి మరీ, ఆయన గచ్చిబౌలిలో అకాడమీ నిర్మించారు. అది 2008లో ప్రారంభమైంది.

లెక్కింపు మారింది

భౌతికశాస్త్రం పాఠాలు చెప్పే నాకు ఈ ఆటలో రెండు విషయాలు ఎప్పుడూ ఆసక్తి కలిగిస్తాయి. మొదటిది షటిల్. 16 ఈకలతో తయారయ్యే ఈ వస్తువు బరువు 5 గ్రాములకు అటూఇటూ ఉంటుంది. బరువుతో పోలిస్తే గాలి దానిపై కలిగించే నిరోధం చాలా ఎక్కువ. అందుకే రాకెట్ నుంచి బాణంలా బయలుదేరిన షటిల్ అవతలి కోర్టు చేరేలోపే వేగం కోల్పోతుంది. ఎత్తుగా కొట్టిన షటిల్ బంతిలా పరవలయ మార్గంలో కాకుండా చివరలో దాదాపు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. కాబట్టి ఒక్క బలమైన దెబ్బతో పాయింటు రావడం అన్నిసార్లూ జరగదు. ప్రత్యర్థిని ఒక మూల నుంచి మరో మూలకు పరిగెత్తించి, ఆమె ఒక అడుగు ఆలస్యమయ్యే క్షణం కోసం వేచి ఉండాలి. ఇందుకు కాళ్ళలో సత్తా, మనసులో ఓర్పు రెండూ కావాలి.

రెండోది లెక్కింపు పద్ధతి. 2006కు ముందు సర్వీసు చేసేవారికే పాయింటు వచ్చేది. మహిళల సింగిల్స్ గేమ్ 11 పాయింట్లకు ఉండేది. 2006లో ఆ పద్ధతి పోయి, ఎవరు సర్వీసు చేసినా ర్యాలీ గెలిచినవారికి పాయింటు ఇచ్చే పద్ధతి వచ్చింది. గేమ్ పురుషులకూ మహిళలకూ సమానంగా 21 పాయింట్లు అయింది. అంటే ప్రతి తప్పుకూ అక్కడికక్కడే ఒక పాయింటు పోతుంది. తక్కువ తప్పులు చేసేవారికి, మ్యాచ్ చివరిదాకా ఒకే వేగంతో కదలగలిగేవారికి ఇందులో లాభం ఉంది. సరిగ్గా ఆ ఏడాదే పదహారేళ్ళ సైనా పెద్దల టోర్నమెంట్లలో తన ముద్ర వేయడం మొదలుపెట్టింది.

2006లో ఆమె ఫిలిప్పీన్స్ ఓపెన్ గెలిచింది. నాలుగు నక్షత్రాల స్థాయి టోర్నమెంటు గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. అదే ఏడాది ప్రపంచ జూనియర్ ఫైనల్ చేరి చైనాకు చెందిన వాంగ్ యిహాన్ చేతిలో ఓడింది. 2008లో పుణేలో జరిగిన పోటీల్లో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచి, ఆ ఘనత సాధించిన మొదటి భారత క్రీడాకారిణి అయింది.

బీజింగ్ ఓటమి, జకార్తా గెలుపు

2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి సైనాకు 18 ఏళ్ళు. హాంకాంగ్‌కు చెందిన మేటి క్రీడాకారిణి వాంగ్ చెన్‌ను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. ఒలింపిక్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్ళిన మొదటి భారత మహిళ ఆమే. అక్కడ ఇండోనేషియాకు చెందిన మరియా క్రిస్టిన్ యులియాంతి ఎదురైంది. తొలి గేమ్ 28-26తో సైనాది. రెండోది 14-21తో ప్రత్యర్థిది. నిర్ణాయక గేమ్‌లో సైనా 11-3తో ముందుంది. చివరికి ఆ గేమ్ 15-21తో చేజారింది.

చిన్న లెక్క చేయండి. 11-3 తర్వాత మొత్తం 22 పాయింట్లు ఆడారు. వాటిలో 18 యులియాంతికి, 4 మాత్రమే సైనాకు వచ్చాయి. ఆట అంతసేపట్లో మరచిపోవడం జరగదు. గెలుపు కళ్ళ ముందు కనిపించినప్పుడు దాన్ని ముగించడం వేరే విద్య. పరీక్షలో సగం పేపరు బాగా రాసి, మిగతా సగంలో తొట్రుపడిన విద్యార్థికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

ఆ విద్య ఆమె ఎంత నేర్చుకుందో 2009 జూన్‌లో జకార్తాలో తెలిసింది. ఇండోనేషియా ఓపెన్ సూపర్ సిరీస్ ఫైనల్లో చైనాకు చెందిన వాంగ్ లిన్ మీద మొదటి గేమ్ 12-21తో పోయింది. తర్వాతి రెండింటిని 21-18, 21-9తో గెలిచింది. 2007లో మొదలైన సూపర్ సిరీస్‌లో టైటిల్ గెలిచిన మొదటి భారత క్రీడాకారిణి ఆమె. మన పురుషులు కూడా అప్పటికి ఆ టైటిల్ గెలవలేదు.

2010 జూన్‌లో ఇండియన్ ఓపెన్, సింగపూర్ ఓపెన్, ఇండోనేషియా ఓపెన్ వరుసగా గెలిచింది. అదే ఏడాది ప్రపంచ రెండో ర్యాంకు అందుకుంది. అక్టోబరు 14న ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల చివరి రోజున ఫైనల్లో మలేషియాకు చెందిన వాంగ్ మ్యూ చూపై మొదటి గేమ్ ఓడి, రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింటును కాచుకుని, 19-21, 23-21, 21-13తో గెలిచింది. అది ఆ క్రీడల్లో భారత్‌కు 38వ స్వర్ణం. ఇంగ్లండ్‌కు 37. ఆ ఒక్క పతకంతో మన దేశం పట్టికలో రెండో స్థానానికి చేరింది. అదే రోజు హైదరాబాద్‌లో పెరిగిన గుత్తా జ్వాల, కర్ణాటకకు చెందిన అశ్విని పొన్నప్ప మహిళల డబుల్స్ స్వర్ణం గెలిచారు.

లండన్ కాంస్యం: అదృష్టమా?

2012 ఆగస్టు 4న లండన్‌లో కాంస్య పతకం కోసం సైనా, చైనాకు చెందిన వాంగ్ షిన్ తలపడ్డారు. మొదటి గేమ్ 21-18తో వాంగ్ షిన్ గెలిచింది. అయితే ఆ గేమ్ చివర్లో మోకాలికి దెబ్బ తగలడంతో, రెండో గేమ్‌లో ఒక్క పాయింటు ఆడగానే తప్పుకుంది. పతకం సైనాకు దక్కింది. ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో భారత్‌కు అదే మొదటి పతకం. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన తర్వాత ఒలింపిక్ పతకం సాధించిన రెండో భారత మహిళ సైనా.

'ప్రత్యర్థి గాయపడబట్టి వచ్చిందే కదా' అని అప్పట్లో కొందరు అన్నారు. చరిత్ర విద్యార్థి ఇలాంటి మాటను కోపంతో కాక ఆధారాలతో పరిశీలించాలి. ఆ మ్యాచ్ ఒక్కటే చూస్తే వాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు; మొదటి గేమ్ నిజంగానే వాంగ్ షిన్‌ది. కానీ ఆ కోర్టు దాకా ఎలా వచ్చిందో కూడా చూడాలి. సెమీఫైనల్ చేరిన నలుగురిలో ముగ్గురు చైనా వాళ్ళు, నాలుగో క్రీడాకారిణి సైనా. క్వార్టర్ ఫైనల్లో డెన్మార్క్ దిగ్గజం టీనా బౌన్‌ను 21-15, 22-20తో ఓడించింది. సెమీఫైనల్లో వాంగ్ యిహాన్ చేతిలో ఓడింది. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన లి షురుయ్‌ను, అంతకు ముందు కొద్ది వారాల కిందటే, ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో మూడు గేముల పోరులో సైనా ఓడించింది. అదృష్టం ఒక రోజు తలుపు తట్టవచ్చు. ఆ తలుపు దగ్గర నిలబడి ఉండటానికి మాత్రం ఏళ్ళ కష్టం కావాలి. ఇంకొక మాట: ఆ రోజు వాంగ్ షిన్‌ను కూల్చిన మోకాలి గాయం, నాలుగేళ్ళ తర్వాత సైనా వంతు కూడా అయింది.

శిఖరం

2014లో ఆమె శిక్షణ కోసం బెంగళూరు వెళ్ళి విమల్ కుమార్ వద్ద చేరింది. ఆ ఏడాది నవంబరులో అకానె యమగుచిని ఓడించి చైనా ఓపెన్ గెలిచింది. అదే రోజు పురుషుల ఫైనల్లో గుంటూరుకు చెందిన కిడాంబి శ్రీకాంత్ చైనా దిగ్గజం లిన్ డాన్‌ను ఓడించాడు. చైనా గడ్డ మీద ఒకే రోజు రెండు సింగిల్స్ టైటిళ్ళు భారత్‌వే కావడం పదేళ్ళ కిందట ఎవరూ ఊహించని సంగతి.

2015 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ చేరిన మొదటి భారత మహిళ అయింది. ఫైనల్లో స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ గెలిచింది. అదే నెల చివర ఢిల్లీలో ఇండియా ఓపెన్ గెలిచింది. 2015 ఏప్రిల్ 2న వెలువడిన జాబితాలో ప్రపంచ మొదటి ర్యాంకు సైనాది. భారత మహిళల్లో ఆమే మొదటిది. పురుషుల్లో అంతకు ముందు ప్రకాష్ పదుకొణెకే ఆ స్థానం దక్కింది. గడచిన 52 వారాల్లో ఒక క్రీడాకారిణి సాధించిన మేలైన పది ఫలితాల పాయింట్లను కలిపి ర్యాంకు లెక్కిస్తారు. కాబట్టి ఇది ఒక రోజు వెలుగు కాదు, ఏడాది పొడవునా నిలకడకు కొలమానం. ఆ ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చేరిన మొదటి భారత క్రీడాకారిణి కూడా ఆమే. అక్కడ కూడా మారిన్ చేతిలో ఓడి రజతం అందుకుంది.

మోకాలు చెప్పిన పాఠం

నెట్ దగ్గర పడబోయే షటిల్‌ను అందుకోవడానికి క్రీడాకారిణి ఒక కాలు బాగా ముందుకు చాచి, శరీర భారమంతా దాని మీద ఆపుతుంది. వెంటనే వెనక్కి తోసుకుని కోర్టు మధ్యకు రావాలి. ఒక్కొక్కసారి మోకాలిపై పడే బలం శరీర బరువును మించిపోతుంది. ఇలా రోజుకు వందలసార్లు, ఏడాదికి వందల రోజులు. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు కాబట్టి అది ఒకసారి అరిగితే తిరిగి పెరగడం చాలా కష్టం.

2016 రియో ఒలింపిక్స్‌లో సైనా గాయంతోనే ఆడి, గ్రూపు దశలో ఉక్రెయిన్‌కు చెందిన మరియా ఉలిటినా చేతిలో ఓడింది. వెంటనే మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. అదే ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచింది. ఒక తరం నుంచి మరో తరానికి పగ్గాలు చేతులు మారిన సందర్భం అది.

సైనా కథ మాత్రం అక్కడ ముగియలేదు. ఐదు నెలల్లో తిరిగి వచ్చి 2017 జనవరిలో మలేషియా మాస్టర్స్ గెలిచింది. అదే ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించింది. మళ్ళీ గోపీచంద్ వద్దకు చేరింది. 2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో సింధును 21-18, 23-21తో ఓడించి రెండోసారి స్వర్ణం గెలిచింది. ఫైనల్లో ఇద్దరూ భారతీయులే, ఇద్దరూ ఒకే నగరంలో తయారైనవారే. 2018 ఆసియా క్రీడల్లో సింధు రజతం, సైనా కాంస్యం గెలిచారు. 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్లో మారిన్ గాయంతో తప్పుకోవడంతో సైనాకు టైటిల్ దక్కింది. తర్వాత ఆమె వేగం తగ్గింది. టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత రాలేదు. 2023 తర్వాత అంతర్జాతీయ కోర్టుల్లో ఆమె కనిపించలేదు. మోకాలి కీళ్ళవాతంతో బాధపడుతున్నట్లు 2024లో ఆమే చెప్పింది.

మనం తెలుసుకోవలసింది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మార్పు ఒక్కరి ప్రతిభ వల్ల వచ్చిందా? కాదు. కుటుంబం పెట్టుబడి పెట్టింది. నగరం గురువులను ఇచ్చింది. ఆటలో నియమం మారింది. ఒక అకాడమీ నిలబడింది. ఇవన్నీ ఉన్నా, 11-3 నుంచి ఓడిపోయిన రాత్రి తర్వాత మరునాడు మళ్ళీ కోర్టుకు వెళ్ళవలసింది మాత్రం ఆమే. చరిత్రలో పరిస్థితులు దారి వేస్తాయి, నడవవలసింది మనిషే.

అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి. సైనాకు అవకాశం రావడానికి తండ్రి భవిష్యనిధి మీద చెయ్యి వేయవలసి వచ్చింది. భవిష్యనిధి లేని ఇంటి ఆడపిల్ల మాటేమిటి? ప్రతి ఊళ్ళో, ప్రతి బడిలో ఒక కోర్టు, ఒక గురువు, ఆడపిల్లలు నిర్భయంగా ఆడుకునే ఒక వేళ ఉన్నప్పుడే సైనా విజయం ఒక ఇంటి అదృష్టంగా కాక ఒక దేశం సాధనగా నిలుస్తుంది. పుట్టినప్పుడు ముఖం చూడటానికి ఇష్టపడని సమాజం, ఆమె గెలిచినప్పుడు టెలివిజన్ల ముందు కూర్చుని ఆ ముఖాన్నే చూసింది. గెలవకముందే చూడటం ఎప్పుడు నేర్చుకుంటామన్నదే మన ముందున్న ప్రశ్న.

ఆలోచించండి, చేయండి

1. ఒక షటిల్‌ను, దాదాపు అంతే బరువున్న చిన్న రాయిని మేడ మీది నుంచి ఒకేసారి వదలండి. ఏది ముందు నేలను తాకింది? కారణం రాయండి.

2. మీ పాఠశాలలో లేదా కళాశాలలో ఆటల మైదానాన్ని వారం రోజులు గమనించండి. అక్కడ ఆడే బాలురు, బాలికల సంఖ్యను పట్టికగా రాసి, తేడా ఉంటే దానికి కారణాలు తరగతిలో చర్చించండి.

3. మీ ఊళ్ళో ఒకప్పుడు ఆటలు ఆడిన మహిళలు ఉంటే వారిని కలిసి, ఎందుకు ఆడారో, ఎందుకు మానేశారో అడిగి రాసుకోండి. అదీ చరిత్రే.